రోబోటిక్స్ పోటీకి స్కోరింగ్ సాఫ్ట్‌వేర్: మొత్తం కాదు, రిఫరీ చూసింది నమోదు కావాలి

ప్రశ్న: నేను విజయనగరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా జిల్లాలో హైస్కూలు పిల్లలకు జరిగే రోబోటిక్స్ పోటీకి స్కోరింగ్ సాఫ్ట్‌వేర్ రాసే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. 24 జట్లు, రెండు టేబుళ్లు, ఒక్కో జట్టుకు మూడు రౌండ్లు ఉంటాయి. ఆట తీరు, నిబంధనలు ఫస్ట్ అనే సంస్థ నడిపే ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్ తరహాలో ఉంటాయి: టేబుల్ మీద పెట్టిన లెగో నమూనాలతో రోబో పనులు పూర్తి చేస్తే పాయింట్లు పడతాయి. కిందటి ఏడాది ఎక్సెల్‌లో స్కోర్లు ఎక్కిస్తున్నప్పుడు ఒక వరుస జారి రెండు జట్ల స్కోర్లు తారుమారయ్యాయి. బహుమతులు ఇచ్చేశాకే ఆ సంగతి బయటపడింది. నాకు ఆరు వారాల గడువు ఉంది. ఏ భాషలో రాయాలి? డేటాను క్లౌడ్‌లో పెట్టాలా? తల్లిదండ్రులు ఫోన్లలో చూసుకునేలా లైవ్ లీడర్‌బోర్డు కావాలని నిర్వాహకులు అంటున్నారు, అది మంచిదేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగిన మూడింటికీ జవాబులు ఉన్నాయి. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది: ఈ సాఫ్ట్‌వేర్ అసలు ఏం భద్రపరచాలి? వరుస జారడం ఎవరి చేతిలోనైనా జరగగల పొరపాటే. బహుమతులు ఇచ్చేలోపు దాన్ని ఎవరూ పట్టుకోలేకపోవడానికి కారణం మాత్రం వేరు. ఎక్సెల్‌లో ఒక్కో ఆటకు ఒక్క మొత్తమే ఎక్కించి ఉంటారు. 185 అన్న అంకె పక్క వరుసలోకి వెళ్లినా 185 గానే కనిపిస్తుంది. ఆ అంకె ఏయే పనులు పూర్తయినందువల్ల, ఎన్ని టోకెన్లు (ఆట మధ్యలో రోబోను చేత్తో ఆపితే రిఫరీ తీసేసే బిళ్లలు) మిగిలినందువల్ల వచ్చిందో షీట్‌లో ఎక్కడా లేనప్పుడు, ఎవరికైనా అనుమానం వచ్చినా సరిచూసుకునే దారి ఉండదు.

అందువల్ల నా ప్రధానమైన సలహా ఇది: రిఫరీ కళ్లతో చూసినదాన్నే నమోదు చేయించండి, పాయింట్లను ఎవరి చేతా టైపు చేయించకండి. మీ స్క్రీన్ మీద 'మొత్తం' అని నింపే గడి ఒక్కటి కూడా ఉండకూడదు. ఉదాహరణకు టేబుల్ మీది నమూనా ట్యాంకు గీత దాటిందా లేదా, గీత అవతలి వలయంలో పూర్తిగా ఉందా కొంతే ఉందా, చివరికి ఎన్ని టోకెన్లు మిగిలాయి, ఇవే డేటాబేస్‌లోకి వెళ్లాలి. పాయింట్లను ఈ పరిశీలనల నుంచి ఒకే ఒక ఫంక్షన్ లెక్కగట్టాలి. ఆ ఫంక్షన్ డేటాబేస్‌ను ముట్టకూడదు, గడియారాన్ని చూడకూడదు. ఒకే పరిశీలనలు ఇస్తే ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వాలి. ఇంటర్ ఫలితాల తర్వాత రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకోగలుగుతున్నామంటే, జవాబు పత్రం బోర్డు దగ్గర భద్రంగా ఉండబట్టే కదా. మీ పోటీకి ఆ జవాబు పత్రం రిఫరీ పరిశీలనల పట్టిక.

ఇది ఎంత అవసరమో ఒక్క చిన్న అంశంలో చూపిస్తాను. ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్‌లో ఒక ఆట రెండున్నర నిమిషాలు, అంటే 150 సెకన్లు నడుస్తుంది. రోబో తాను బయల్దేరే హోమ్ ప్రాంతం బయట ఉండగా జట్టు సభ్యులు దాన్ని చేత్తో ఆపితే రిఫరీ ఒక ప్రెసిషన్ టోకెన్‌ను తీసేస్తారు. ఇటువంటి టోకెన్లు మొత్తం ఆరు. ఇటీవలి సీజన్ల పట్టిక ప్రకారం ఆట ముగిసేసరికి ఆరు మిగిలితే 50 పాయింట్లు, ఐదు మిగిలినా 50 పాయింట్లే, నాలుగు మిగిలితే 35, మూడు మిగిలితే 25, రెండు మిగిలితే 15, ఒకటి మిగిలితే 10, ఏమీ మిగలకపోతే సున్నా. మొదటి టోకెన్ పోయినా నష్టం లేదు, తర్వాతి నుంచి తగ్గుదల కూడా సమానంగా ఉండదు. హడావుడిలో కోడ్ రాసేవారు దీన్ని 'టోకెన్ల సంఖ్యను పదితో గుణించు' అని రాసేయడం చాలా సులువు. అప్పుడు ఐదు టోకెన్ల దగ్గర, ఒక టోకెన్ దగ్గర, సున్నా దగ్గర జవాబు సరిగ్గానే వస్తుంది. మిగతా నాలుగు చోట్ల ఐదో పదో పాయింట్లు ఎక్కువ పడతాయి. పైపైన ఒకటి రెండు ఉదాహరణలతో పరీక్షిస్తే ఇది దొరకదు. పోటీ మధ్యలో దొరికిందనుకోండి: మొత్తాలు మాత్రమే దాచి ఉంటే ఉదయం నుంచి జరిగిన ఆటలన్నీ అనుమానంలో పడతాయి, టోకెన్ల సంఖ్యను దాచి ఉంటే ఫంక్షన్‌ను సరిచేసి, అప్పటిదాకా వచ్చిన షీట్లన్నింటినీ ఒక్క క్షణంలో మళ్లీ లెక్కించవచ్చు.

ఈ పోటీలో మరో విశేషం కూడా ఉంది. సీజన్ మధ్యలో నిర్వాహకులు నిబంధనలకు సవరణలు, వివరణలు ప్రకటిస్తారు, అవి ముద్రిత నియమావళి కంటే పైమాటగా చెల్లుతాయి. మీ జిల్లా పోటీలో కూడా ప్రధాన రిఫరీ ఇటువంటి నిర్ణయాలు తీసుకుంటారు. అందుచేత ప్రతి స్కోరు పక్కన అది ఏ నిబంధనల ప్రతితో లెక్కించినదో చూపే ఒక సంఖ్య ఉంచండి.

ఇక స్కోర్ షీట్ స్క్రీన్ సంగతి. అందరూ తేలిగ్గా తీసుకునే చోటు ఇదే, తప్పులు ఎక్కువగా పుట్టేదీ ఇక్కడే. రిఫరీ నిలబడి, ఒక చేత్తో ట్యాబ్ పట్టుకుని, చుట్టూ పిల్లలు అరుస్తుండగా దీన్ని నింపుతారు. కాబట్టి గడులు, బటన్లు పెద్దవిగా ఉండాలి, టేబుల్ మీద నమూనాలు ఏ వరుసలో ఉన్నాయో స్క్రీన్ మీద ప్రశ్నలు కూడా ఆ వరుసలోనే రావాలి. 'అవును', 'కాదు' రెండూ విడివిడి బటన్లుగా ఉండాలి, ముందుగా ఏదీ ఎంచి ఉండకూడదు. చెక్‌బాక్సు పెట్టి, టిక్ లేకపోతే 'కాదు' అని అర్థం చేసుకుంటే, రిఫరీ నిజంగా చూసి 'కాదు' అన్నారో, ఆ ప్రశ్నను చూడకుండానే దాటిపోయారో మీకు ఎన్నటికీ తెలియదు. డేటాబేస్‌లో కూడా ఖాళీ వేరు, సున్నా వేరు. ఆటకు రాని జట్టు, వచ్చి సున్నా తెచ్చుకున్న జట్టు, అనర్హత పొందిన జట్టు, ఇంకా షీట్ అందని జట్టు అనే నాలుగు స్థితులనూ విడివిడిగా రాసుకోండి. ఒక్క సున్నాతో నాలుగింటినీ సరిపెడితే సాయంత్రం ఎవరికీ సమాధానం చెప్పలేరు.

ఒకదానికొకటి పొసగని జవాబులను అక్కడికక్కడే ఆపాలి. ట్యాంకు గీత దాటలేదని చెప్పి, వలయంలో పూర్తిగా ఉందని కూడా నొక్కితే, ఆ రెండు ప్రశ్నలనూ రంగు మార్చి చూపించాలి. మీ ఫంక్షన్ తనంతట తాను ఒకదాన్ని నమ్మేసి ముందుకు పోకూడదు. ఏది నిజమో టేబుల్ దగ్గర ఉన్న రిఫరీకే తెలుసు, అదీ టేబుల్‌ను మళ్లీ సర్దనంత వరకే తెలుసు. ఈ ఆటలో చాలా పనులకు పాయింట్లు ఆట ముగిసిన క్షణంలో టేబుల్ మీద ఏం కనిపిస్తోందో దాన్నిబట్టే పడతాయి. కాబట్టి రిఫరీ షీట్ నింపడం, దాని సారాంశాన్ని జట్టులోని ఇద్దరు పిల్లలకు చూపించడం, వాళ్లు ఒప్పుకోవడం, ఇవన్నీ నమూనాలను కదపకముందే పూర్తి కావాలి. సారాంశంలో మొత్తంతో పాటు, ఏ పనికి ఎన్ని పాయింట్లు పడ్డాయో వరుసగా కనిపించాలి. నెలల తరబడి ఆ నమూనాలతో సాధన చేసిన పిల్లలకు నిబంధనలు కంఠతా వచ్చి ఉంటాయి, తప్పును మీ కంటే ముందు వాళ్లే పట్టుకుంటారు.

దీనికి తోడు కాగితం షీట్ కూడా ఉండాలి. ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నలే అదే క్రమంలో అచ్చువేసి, జట్టు సంఖ్య, రౌండు, టేబుల్ ముందే రాసి పెట్టండి. రిఫరీ దాని మీద కూడా టిక్కులు పెట్టి, పిల్లల సంతకం తీసుకుంటారు. మధ్యాహ్న భోజన విరామంలో ఒక వాలంటీరు కాగితాన్ని చదువుతుంటే మరొకరు స్క్రీన్ మీద సరిచూడాలి. కాగితం దండగ అని ఎవరైనా అంటే వినకండి.

దిద్దుబాట్లు తప్పవు. రిఫరీ పొరపాటున నొక్కి ఉండవచ్చు, జట్టు అభ్యంతరాన్ని ప్రధాన రిఫరీ అంగీకరించవచ్చు. అటువంటప్పుడు పాత నమోదును చెరిపి కొత్తది రాయకండి. పాతదాన్ని అలాగే ఉంచి, కొత్త నమోదును దాని తర్వాత చేర్చి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో మూడూ రాయించండి. చెల్లుబాటయ్యేది చివరిదని మీ ప్రోగ్రామ్ గుర్తిస్తే చాలు. బ్రిటన్‌లో వాలంటీర్లు నడిపే స్టూడెంట్ రోబోటిక్స్ అనే పోటీ ఈ పనికి ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనాన్నే వాడుకుంటుంది: ప్రతి ఆట స్కోరూ ఒక చిన్న యామల్ (సాదా టెక్స్టు) ఫైలు, ప్రతి మార్పూ ఒక కమిట్, అంటే చరిత్రలో విడిగా నిలిచే ఒక నమోదు. మీరు గిట్ వాడనక్కర్లేదు, కానీ మార్పుల చరిత్ర మొత్తం కళ్లముందు ఉండాలన్న ఆ ఆలోచనను తప్పక తీసుకోండి.

జట్లను పేర్లతో గుర్తించకండి. మన జిల్లాల్లో కొత్తపేటలు, కొత్తవలసలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, కొత్తపేట' అన్న పేరును ఒకరు పూర్తిగా రాస్తే, మరొకరు జడ్పీహెచ్ఎస్ అని కుదిస్తారు, ఇంకొకరు మండలం పేరు కలుపుతారు. ప్రోగ్రామ్ దృష్టిలో అవి మూడు వేర్వేరు జట్లు. నమోదు రోజునే ప్రతి జట్టుకూ ఒక సంఖ్య ఇచ్చి, పిల్లల బ్యాడ్జీ మీద, టేబుల్ మీద, షీట్ మీద అదే ఉండేలా చూడండి. రిఫరీ జట్టును జాబితాలోంచి వెతికి ఎంచుకునే అవసరం కూడా రాకూడదు. టైంటేబుల్ ప్రకారం ఆ టేబుల్ మీద ఇప్పుడు ఆడవలసిన జట్టును ట్యాబ్ తానే చూపించి, 'జట్టు 17, రెండో రౌండు, అవునా?' అని అడగాలి. కిందటి ఏడాది వరుస జారడం లాంటిది మళ్లీ జరగకుండా కాపాడేది ఇదే. పిల్లల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు మీ డేటాబేస్‌లో ఉండనే కూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. అంతకుమించి, స్కోరు లెక్కకు ఆ వివరాలతో పనే లేదు.

ర్యాంకుల విషయంలో మూడు చోట్ల జాగ్రత్తపడాలి. ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్‌లో మూడు రౌండ్లలో అత్యధిక స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. అది సమానమైతే రెండో అత్యధికం, అదీ సమానమైతే మూడోది చూస్తారు. మొదటిది, స్కోర్లు టెక్స్టుగా నిల్వ ఉంటే అవరోహణ క్రమంలో 95 వెళ్లి 240 పైన కూర్చుంటుంది, ఎందుకంటే టెక్స్టు పోలికలో ముందుగా చూసేది మొదటి అక్షరాన్ని. ఒకటో రౌండులో అన్నీ రెండంకెల స్కోర్లే ఉంటే ఈ తప్పు కనబడదు. రెండోది, మూడు స్కోర్లూ సమానమైన జట్లు ఉంటే ఇద్దరికీ ఒకే ర్యాంకు చూపించండి. మీరు ఏమీ రాయకపోతే డేటాబేస్ తనకు తోచిన వరుసలోనో, నమోదు సంఖ్య వరుసలోనో వాళ్లను నిలబెడుతుంది, ముందు నమోదైన బడి గెలిచినట్టు అయిపోతుంది. నియమావళిలో లేని తీర్పును సాఫ్ట్‌వేర్ ఇవ్వడం పిల్లలకు చేసే అన్యాయమే. మూడోది, టై వస్తే ఏం చేయాలో నిబంధనల్లోనే ముందుగా రాయించండి. ఇందాక చెప్పిన బ్రిటన్ పోటీలో ఒక ఆటలో నాలుగు రోబోలు తలపడతాయి, స్థానాల వారీగా 8, 6, 4, 2 లీగ్ పాయింట్లు ఇస్తారు. సమానమైన జట్లు ఆ స్థానాల పాయింట్ల సగటును పంచుకుంటాయి. మొదటి స్థానంలో ముగ్గురు సమానమైతే 8, 6, 4 కలిపి మూడుతో భాగించి తలా 6 ఇస్తారు. ఈ అంకెలతో ఏ రకం టై వచ్చినా సగటు పూర్ణసంఖ్యగానే వస్తుందని మీరే లెక్కవేసి చూడవచ్చు. 4, 3, 2, 1 ఇచ్చి ఉంటే అర పాయింట్లు వచ్చేవి. నిబంధనలు రాసేటప్పుడే లెక్క గురించి ఆలోచించడమంటే ఇదే.

ఇప్పుడు క్లౌడ్ విషయం. వద్దు. 24 జట్లు మూడేసి రౌండ్లు ఆడితే రోజు మొత్తానికి వచ్చేవి 72 షీట్లు. దీనికి పెద్ద సర్వరు అక్కర్లేదు, ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. ఆ ల్యాప్‌టాప్‌నే సర్వరుగా పెట్టి, ఇంటర్నెట్ లేని ఒక చిన్న రూటర్ ద్వారా ట్యాబులను కలిపి, బ్రౌజర్‌లోనే షీట్ తెరిపించండి. ఫస్ట్ సంస్థే నడిపే మరో పోటీ, ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అధికారిక స్కోరింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ పద్ధతిలోనే వేదిక దగ్గరి కంప్యూటర్ మీద నడుస్తుంది. పాఠశాల హాలులో వందల ఫోన్లు ఉంటాయి కాబట్టి రూటర్‌లో 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండు వాడండి, పాస్‌వర్డు వాలంటీర్లకు మాత్రమే ఇవ్వండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్, ట్యాబులు బ్యాటరీ మీద నడుస్తాయి, ఆగిపోయేది రూటర్ ఒక్కటే. దానికి ఒక చిన్న యూపీఎస్ పెట్టించండి. కనెక్షన్ తెగినప్పుడు షీట్ ట్యాబ్‌లోనే ఉండి, తిరిగి కలిశాక వెళ్లాలి. అలా వెళ్లేటప్పుడు ఒకే షీట్ రెండుసార్లు చేరే ప్రమాదం ఉంటుంది కనుక, ప్రతి షీట్‌కూ ట్యాబ్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి, అదే సంఖ్యతో మళ్లీ వచ్చినదాన్ని సర్వరు పక్కన పెట్టాలి. ఒకే జట్టు, ఒకే రౌండుకు రెండు వేర్వేరు షీట్లు వస్తే మాత్రం రెండింటినీ ఉంచి ప్రధాన రిఫరీకి చూపించండి.

అరగంటకోసారి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయండి. ఎస్‌క్యూలైట్‌ను వాల్ (మార్పులను ముందుగా వేరే లాగ్ ఫైలులో రాసే) పద్ధతిలో నడుపుతుంటే కొత్త నమోదులు కొంతసేపు పక్కనే ఉన్న మరో ఫైలులో ఉంటాయి, కాబట్టి ప్రధాన ఫైలు ఒక్కదాన్నే కాపీ చేస్తే చివరి షీట్లు అందులో ఉండకపోవచ్చు. దానికోసమే ఉన్న బ్యాకప్ కమాండ్‌ను వాడండి.

భాష గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. మీకు బాగా వచ్చిన భాషే సరైనది. పైథాన్ వస్తే పైథాన్‌లో రాయండి. కోడ్ చదివి నేర్చుకోవాలనుంటే అమెరికాలోని టీమ్ 254 అనే విద్యార్థుల జట్టు గో భాషలో రాసి అందరికీ తెరిచి ఉంచిన చీజీ అరీనాను చూడండి. అది వేరే పోటీకి చెందినదైనా, స్కోరు లెక్కను మిగతా వ్యవస్థ నుంచి ఎలా వేరుచేయాలో తెలుస్తుంది. టైంటేబుల్‌కు కూడా సంక్లిష్టమైన అల్గారిథమ్ అవసరం లేదు. రెండు టేబుళ్ల మీద ఒకేసారి ఆడితే 36 విడతలు అవుతాయి, విడతకు ఏడు నిమిషాలు ఇస్తే నాలుగు గంటల 12 నిమిషాలు పడుతుంది. జట్లను వరుసగా తిప్పుతూ, ఒక జట్టుకు రెండు ఆటల మధ్య కనీసం అరగంట ఉండేలా, ఇద్దరు రిఫరీల టేబుళ్ల మీదా ఆడే అవకాశం వచ్చేలా చూస్తే సరిపోతుంది. టైమర్ కూడా మీరే రాస్తుంటే సెకన్లను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోకండి, ఎందుకంటే టైమర్ పేజీ తెర వెనక్కి వెళ్లినప్పుడు బ్రౌజర్ ఆ పనిని నెమ్మది చేస్తుంది. మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకుని, గడియారంతో తేడా చూడండి.

లైవ్ లీడర్‌బోర్డు పెట్టవచ్చు, కానీ రెండు షరతులు పాటించండి. అది చదవడానికే పనికొచ్చే వేరే పేజీగా ఉండాలి, ప్రధాన రిఫరీ ఆమోదించిన స్కోర్లే అందులోకి రావాలి. హాలులో ప్రొజెక్టర్ మీద చూపిస్తే చాలు. తల్లిదండ్రుల ఫోన్లకు కావాలంటే విరామాల్లో ఆ పేజీ నకలును బయట ఎక్కడైనా పెట్టవచ్చు. ఆమోదం కాని స్కోరును తెర మీద చూసి, అరగంట తర్వాత అది తగ్గితే పదమూడేళ్ల పిల్లలు ఎంత కుంగిపోతారో నిర్వాహకులకు వివరించండి, వాళ్లు అర్థం చేసుకుంటారు. మూడో రౌండు తర్వాత బోర్డును ఆపేసి, కాగితాలతో సరిచూడటం పూర్తయ్యాకే ఫలితం చెప్పమని కూడా అడగండి.

న్యాయనిర్ణేతల మార్కులను ఈ ఏడాది దీనిలో కలపకండి. ఈ పోటీలో ఛాంపియన్ ఎంపికకు రోబో ఆట ఒక్కటే ప్రాతిపదిక కాదు. రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్టు, కోర్ వేల్యూస్ (జట్టు పాటించే విలువలు) కూడా ఆటతో సమానంగా లెక్కకొస్తాయి. ఆ మార్కులు గోప్యంగా ఉండవలసినవి, వాటి తీరు కూడా పూర్తిగా వేరు.

మీ ఆరు వారాల్లో మొదటి వారం కోడ్ రాయకండి. ప్రధాన రిఫరీతో కూర్చుని, నియమావళిలోని ప్రతి పనినీ 'రిఫరీకి వేయవలసిన ప్రశ్న, ఉండగల జవాబులు, ఒక్కో జవాబుకు పాయింట్లు' అన్న పట్టికగా మార్చండి. నిబంధనల్లోని అస్పష్టతలన్నీ అక్కడే బయటపడతాయి. రెండో వారంలో లెక్క ఫంక్షన్ రాసి, ప్రతి పనికీ ఉండగల జవాబులన్నింటినీ ఒక్కటీ వదలకుండా పరీక్షించండి. టోకెన్లకైతే సున్నా నుంచి ఆరు దాకా ఏడు పరీక్షలు రాయాలి. సరైన జవాబులను మాత్రం మీరు కాకుండా, నియమావళి చదివిన మరొకరు చేత్తో లెక్కగట్టి ఇవ్వాలి, లేకపోతే మీరు అపార్థం చేసుకున్నదే పరీక్షలోనూ చేరుతుంది. కిందటి ఏడాది కాగితం షీట్లు దొరికితే అవి బంగారం. నాలుగో వారం ముగిసేలోపు అసలు రిఫరీలతో, అసలు టేబుల్ దగ్గర, రూటర్‌ను మధ్యలో ఆపి మరీ ఒక రిహార్సల్ జరపండి. అప్పుడు దొరికినవి సరిచేయడానికి ఐదో వారం ఉంటుంది. పోటీకి రెండు రోజుల ముందు నుంచి కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకండి, ఆ తర్వాత ఏదైనా తేడా కనబడితే ఆ పనికి కాగితం మీద లెక్క వేయించండి.

మొదటి వారం పట్టిక పూర్తయ్యాక, ఏ పనినైనా ప్రశ్నలుగా విడదీయలేకపోతే ఆ నిబంధనను ఉన్నదున్నట్టు రాసి పంపండి, దాన్ని ఎలా విడదీయవచ్చో ఇక్కడే చూద్దాం.